నూట పదమూడు బొట్లు పెట్టుకున్న కారు

సూరీడమ్మ గిన్నెల కొట్టు మెట్టెక్కుతోందంటే కొట్టుగల ఆసామి లేచి వెనక గదిలోకి పోయేవాడు. భయం కాదు, ఓపిక చాలదు. ఆవిడ చెంబును వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తుంది. గోటితో కొట్టి మోత వింటుంది. నేలమీద పెట్టి, ఊగుతుందేమోనని పక్కకు వంగి చూస్తుంది. పదకొండు చెంబులు చూసి చివరికి మొదటిదే తీసుకుంటుంది, అదీ మూతి దగ్గర చిన్న నొక్కుందని సణుక్కుంటూ. కూతురి పెళ్ళిచూపుల్లో పిల్లవాడి ఎడమ చెవి కుడి చెవికన్నా వెంట్రుకవాసి కిందికి ఉందని కనిపెట్టింది ఆవిడే. ఆ పిల్లవాడు అల్లుడై ఇరవయ్యేడేళ్ళయింది. ఇప్పటికీ ఆయన క్షవరం చేయించుకుని వచ్చినప్పుడల్లా ఆవిడ ఓసారి చెవులకేసి చూసి ఊరుకుంటుంది. ఆయన కూడా ఊరుకుంటాడు.

చదువు రెండో తరగతి, అదీ సగం. సంతకం మాత్రం నేర్చుకుంది, ఒక్కో అక్షరం విడివిడిగా, ముగ్గు వేసినట్టు వేస్తుంది. జ్ఞాపకం సంగతి అడక్కూడదు. ఏ ఏడు తుపానుకు ఎవరి పాక ఎగిరి ఎవరి దొడ్లో పడిందో, దాని కింద దొరికిన కోడిపెట్ట ఏ రంగుదో, అన్నీ ఉంటాయి. ఇంత కళ్ళూ ఇంత జ్ఞాపకమూ ఉన్న మనిషి ఒక దీవికి వెళ్ళి, ఒక కారు ముందర పడ్డ పాట్లు చెప్పుకుంటే నవ్వులాట. అయినా చెప్పుకోవాలి, ఎందుకంటే తప్పంతా కంపెనీది అని అందరూ అంటారు గాని, ముప్పాతిక తప్పు ఆవిడదే.

దీవికి వెళ్ళడం సరదాకే. మనవరాలు హిమజకు బ్యాంకులో ఉద్యోగం, మూడేళ్ళకోసారి ఊళ్ళు తిరగడానికి సెలవిస్తారు. అందరూ సముద్రం చూడ్డానికి వెళ్ళే దీవి అది. సూరీడమ్మకు సముద్రం అక్కర్లేదు, పుట్టినప్పటినుంచీ చూస్తోంది. ఆవిడకు కావలసింది ఆ దీవిలో ఉన్న చెల్లెలు పారమ్మ. నలభయ్యేళ్ళ కిందట వలలూ పిల్లలూ మూట కట్టుకుని మొగుడితో ఓడెక్కి పోయినదే, మధ్యలో ఒక్కసారి తండ్రి కర్మకు వచ్చింది. అది జరిగి పంతొమ్మిదేళ్ళు. ఆ తరవాత ఫోనులో గొంతు తప్ప మనిషి కనబడలేదు.

బయల్దేరే ముందురోజు పారమ్మ తన అప్పకు, అంటే అక్కకు, ఫోను చేసింది. ఆవిడ కడగొట్టు కూతురు అవతలి చిన్న దీవిలో ఉంది, తొలి కాన్పు, నెలలు నిండిపోయాయి.

"రేపు మూడింటికి జెట్టీ నుంచి ఓడ అప్పా. అది తప్పితే మళ్ళీ తొమ్మిది రోజులకి. నాను ఆగనేను. నువ్వు పొద్దుటే దిగుతావు గదా, బేగి వచ్చీ. ఇద్దరం కూకుని ఒక ముద్ద తిందుం."

జెట్టీ దీవికి ఆ చివర, విమానాశ్రయం ఈ చివర. మధ్యలో గంటంబావు దారి. విమానం తొమ్మిదింటికి దిగుతుంది. మూడింటికి ఓడ. చేతిలో ఆరు గంటలు పెట్టుకుని ఎవరైనా చెల్లెల్ని కలుసుకోలేకపోతారా? హిమజ కారు కూడా ముందే కుదిర్చింది. తనే నడుపుతుంది, డ్రైవరు కోసం చూసే పని లేదు.

తొమ్మిది దాటి పావుగంటకు వాళ్ళు కార్ల కంపెనీ కౌంటరు ముందున్నారు. కంపెనీ పేరు కెరటం. కౌంటరులో లలితాంబ అనే ఆమె కూర్చుని ఉంది, నలభై దాటిన మనిషి, మన శ్రీకాకుళం వైపు నుంచి పోయినవాళ్ళ పిల్లే. పేరు చూసింది, ముసిముసిగా నవ్వింది, తాళం చెవి బల్లమీద పెట్టి ఒక కాగితం ముందుకు తోసింది. కాగితం పైన కారు బొమ్మ నాలుగు వైపులనుంచీ గీసి ఉంది. కింద సన్నక్షరాల్లో నియమాలు. హిమజ కలం తీసింది.

సూరీడమ్మ ఆ కలం మీద చెయ్యేసి, అదేం కాగితమని అడిగింది. అద్దెకు తీసుకునేవారు వాహనాన్ని ఏ స్థితిలో స్వీకరించిరో అదే స్థితిలో తిరిగి అప్పగించవలెనని, ఈ పత్రంలో గుర్తించని గీత ఏది తిరిగివచ్చినప్పుడు కనబడినా అది అద్దెదారు గీసినదిగానే భావించబడునని లలితాంబ గడగడా అప్పజెప్పింది. మరి అద్దెదార్లు చూసుకుంటారా అని అడిగితే, అందరూ చూడకుండానే సంతకం పెట్టి పోతారని చెప్పింది.

"సూడకుండా సంతకం ఎట్టీడానికి ఇదేటి, పెళ్ళా?" అంది సూరీడమ్మ.

అక్కడ పడింది విత్తనం. హిమజ అప్పటికే చేతి గడియారం చూసుకుంది. అరగంట అమ్మమ్మా, అరగంటే అంది. సూరీడమ్మ అరగంట ఎక్కువేనంది. చెంబుకు అయ్యే సేపు కారుకెందుకవుతుంది, ఒక్కటే కదా.

కారు తెల్లటిది. సముద్రపు ఉప్పుగాలిలో ఆరుబయట నిలబడ్డ కారు, మనుషులు ఎక్కి దిగి తిరిగిన కారు. దూరం నుంచి పెళ్ళికొడుకులా ఉంది. దగ్గరికి వెళితే గాని తెలియలేదు. సూరీడమ్మ కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని ముందు చక్రం పక్కన గొంతుకూర్చుంది. ఒక గీత. దాని పక్కనే దాని పిల్ల. కాస్త పైన ఇంకోటి, ఎవరో గాజుల చెయ్యి ఆన్చినట్టు వంకరగా. తలుపు అంచున పెచ్చు. పిడి కింద గోళ్ళ గుర్తులు, పదిమంది పదిసార్లు గోకినట్టు. అయిదు నిమిషాల్లో ఏడు తేలాయి, ఇంకా చక్రం దాటలేదు.

ఏడో దాని దగ్గర లలితాంబ లోపలికి వెళ్ళి అధికారిని తీసుకొచ్చింది. ఆయన పేరు ప్రకాశలింగం. హోదా, వాహన పూర్వస్థితి నిర్ధారణాధికారి. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు రంగుల కలాలు, చంకలో అట్ట. ఆయన దణ్ణం పెట్టి తన పదవీ కాలంలో పూర్వస్థితిని ఇంతవరకూ ఎవరూ నిర్ధారించమని కోరలేదనీ, ఏటా వేల పత్రాలు ఖాళీగా సంతకమై వస్తున్నాయనీ, వాటిని చూసి తాను లోలోపల కుమిలిపోతున్నాననీ చెప్పాడు. ఇన్నాళ్ళకు ఒక మనిషి గీతను గీతగా చూసింది.

సూరీడమ్మకు కూడా గుండె ఉప్పొంగింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, జీవితంలో ఏ గిన్నెలాసామీ ఆవిడను ఇలా మెచ్చుకోలేదు.

హిమజ ఫోను తీసి నాలుగు వైపులా వీడియో పట్టేస్తే సరిపోతుంది కదా అంది. ప్రకాశలింగం జాలిగా చూశాడు.

"తమరు గమనించవలసినది ఏమనగా, ఫొటోలో ఉండేది గీత కాదు, గీత యొక్క బొమ్మ. బొమ్మ ఫోనులో ఉంటుంది, గీత వాహనం మీద ఉంటుంది. నియమావళి పదకొండు ప్రకారం గుర్తు వాహనం మీదనే, గీత పక్కనే ఉండవలెను."

అయితే పెట్టండి గుర్తు అంటే, అందుకు నిర్దేశించిన పసుపు సుద్దముక్కలు రెండేళ్ళ కిందట ఉప్పుగాలికి పొడైపోయాయని, కొత్తవి ఓడలో వస్తున్నాయని, ఓడ ఎప్పుడొస్తుందో ఓడకే తెలియాలని అన్నాడు. సుద్దముక్క లేకుండా గుర్తు లేదు. గుర్తు లేకుండా జాబితా లేదు. అందరూ కాసేపు కారుకేసి చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు సూరీడమ్మ చేసిన పని ఆవిడ తప్ప ఇంకెవరూ చెయ్యరు. ప్రయాణం సుఖంగా సాగాలని ఊళ్ళో పూజారి ఇచ్చిన కుంకుమ పొట్లం, దోసెడంత ఉంది, సంచిలోంచి తీసింది. సీసాలో నీళ్ళు నాలుగు చుక్కలు వేసి కలిపి, ఉంగరం వేలితో మొదటి గీత పక్కన ఒక బొట్టు పెట్టింది. తెల్లకారు మీద ఎర్రబొట్టు మైలు దూరానికి కనబడేలా నిలిచింది. ప్రకాశలింగం వంగి చూసి, సుద్ద కన్నా స్పష్టంగా ఉందని, ఈ విధానాన్ని తాత్కాలిక ప్రాతిపదికన అనుమతిస్తున్నానని ఎర్రకలంతో రాసుకున్నాడు.

ఇక వాళ్ళిద్దరినీ ఆపేవారు లేరు. ఆవిడ వెదుకుతుంది, బొట్టు పెడుతుంది, పొడవు జానలో బెత్తలో చెబుతుంది. ఆయన రాస్తాడు. మధ్యలో ఆవిడ ఒక్కో గీతకూ కారణం కూడా చెప్పడం మొదలుపెట్టింది. ఇది పెట్టె ఎత్తుతూ తగిలించింది. ఇది పిల్లలు పుల్లతో గీసింది, చూడు, మధ్యలో తల్లి కేకేస్తే ఆగిపోయింది. ఇది కారు మూల సందు గోడకు ఒరుసుకున్నది, నడిపినవాడు దిగి చూసుకుని ఎవరికీ చెప్పకూడదనుకుని పోయాడు. ప్రకాశలింగం పత్రంలో కారణానికి గడి లేదని బాధపడి, విడిగా అనుబంధం అని ఒక కాగితం తెరిచాడు. పత్రంలో నలభై వరసలే ఉన్నాయి. నలభై ఒకటో గీతకు రెండో పత్రం కావలసివచ్చింది. రెండో పత్రం తీయాలంటే మొదటి పత్రం ముగించాలి, ముగించాలంటే గీతలన్నీ అయిపోవాలి. ఈ చిక్కు విప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి రెండు పత్రాలనూ సూదీదారంతో కుట్టి ఒకే పత్రమని తీర్మానించారు. సూదీ దారమూ సూరీడమ్మవే.

పదకొండయింది. హిమజ వచ్చి, "అమ్మమ్మా, చిన్నమ్మమ్మ ఎదురు చూస్తుంటుంది. ఇక చాలు. పడిన గీతలు పడనీ," అంది.

"వచ్చీసినాను. ఈ ఒక్క పక్కే," అంది సూరీడమ్మ. కారుకు ఎన్ని పక్కలుంటాయో ఆవిడకు తెలియక కాదు. అరవై రెండు దాటాక డెబ్బై ఎంత దూరమో చూడాలనిపిస్తుంది మనిషికి. చెల్లెలు ఎక్కడికి పోతుంది, మూడింటి దాకా అక్కడే ఉంటుంది కదా అనుకుంది. పంతొమ్మిదేళ్ళూ అలా అనుకునే గడిపింది.

అప్పుడే ఇంకో విమానం దిగింది. జనం పెట్టెలు లాక్కుంటూ బయటికొచ్చారు. బయటికి రాగానే ఎదురుగా ఏముంది? ఒక తెల్లకారు, ముక్కునుంచి డొక్కదాకా ఎర్రటి బొట్లు. దాని ముందు ఒక ముసలావిడ మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు బంపరుకు ఆనేలా వంగి, ఏదో గొణుగుతోంది. పక్కన ఒకాయన భక్తిగా రాసుకుంటున్నాడు. ముందు నడుస్తున్న పెద్దాయన ఆగి చెప్పులు విడిచాడు. ఆయన విడిచాడని వెనకవాళ్ళు విడిచారు. ఒకామె బొట్టు మీద వేలు ఆనించి తన నుదుట పెట్టుకోబోతే ప్రకాశలింగం పరుగెత్తాడు.

"అమ్మా, అది నలభై ఏడవ గుర్తు. దానిని తాకరాదు. దూరం నుంచి వీక్షించవలెను."

దూరం నుంచే చూడాలన్నాక ఇంక అనుమానమెవరికి? వాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగి చేతులు జోడించారు. కొబ్బరిబోండాలమ్మేవాడు పరిస్థితి గమనించి, అరగంటలో బోండాలు పక్కన పెట్టి ముదురుకాయలు దించాడు. ఎవరో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఎవరో అద్దానికి మందారమాల వేశారు. స్వీకరణ స్థితిలో మాల లేదు కనుక మాల తీసెయ్యాలని లలితాంబ అంది. తీస్తే అద్దం మీద గీత పడే ప్రమాదం ఉంది కనుక మాల ఉన్నట్టే రాసుకోవాలని ప్రకాశలింగం అన్నాడు. రాసుకున్నారు. మాల, ఒకటి, ఎరుపు, పువ్వులు ముప్పై ఆరు. లెక్కపెట్టింది ఎవరో చెప్పక్కర్లేదు.

అక్కడితో ఆగలేదు. కారు తీసుకోవడానికి వచ్చిన కొత్త దంపతులు తమకిచ్చిన కారు ముందు నిలబడి, దీనికి బొట్లేవని అడిగారు. అది కొత్త కారు, గీతలు లేవని లలితాంబ సంతోషంగా చెప్పింది. బొట్టులేని కారు ఎక్కి కొత్త కాపురం మొదలుపెట్టబోమని, గీతలున్నదే కావాలని ఆ అమ్మాయి పట్టుబట్టింది. ప్రదక్షిణలు సవ్యదిశలో మాత్రమే చేయవలెనని, గాజులూ గొడుగులూ వాహనానికి తగలరాదని, పాదరక్షలు పోయినచో కంపెనీ బాధ్యత వహించదని ప్రకాశలింగం ఒక అట్టమీద మూడు రంగుల్లో రాసి కట్టించాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. నియమావళిని ఇంతమంది చెప్పులు విడిచి చదవడం ఆయన ఎన్నడూ చూడలేదు.

పన్నెండుంబావుకు ఆఖరి బొట్టు పడింది. నూట పదమూడు. సూరీడమ్మ నడుం పట్టుకుని లేచి, వేళ్ళు తుడుచుకుని, మనవరాలితో ఇక పద గుంటా అంది. హిమజ ఒక్క గెంతున ఎక్కి తాళం తిప్పింది. బండి బుర్రుమంది.

ప్రకాశలింగం రెండు చేతులూ చాచి కారుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయనకేమీ కోపం లేదు. చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"బొట్టు అనగా గుర్తు. గుర్తు అనగా రికార్డు. వాహనం కదిలితే గాలి తగులును. గాలి తగిలితే కుంకుమ రాలును. రాలిన రికార్డుకు ఎవరు బాధ్యులు? స్వీకరించిన స్థితిలోనే అప్పగించవలెను కదా. నూట పదమూడు బొట్లతో స్వీకరించారు, నూట పదమూడు బొట్లతో అప్పగించవలెను."

"అంటే మాకు కారు ఇవ్వరా?" అంది హిమజ.

"ఇవ్వకపోవడమేమిటి? ఇచ్చేశాం. తాళం చెవి తమ చేతిలోనే ఉంది. కూర్చోవచ్చు. చల్లగాలి వేసుకోవచ్చు. పాటలు వినవచ్చు. కదల్చడం ఒక్కటే నియమానికి విరుద్ధం."

ఈ కారు వద్దు, వేరే బండి చూసుకుంటామంది హిమజ. అలా పోతే వాహనాన్ని విడిచిపోయినవారవుతారని, విడిచిపోయినవారి జాబితా ముగియదని, ముగియని జాబితాలో గీతలన్నీ అద్దెదారు ఖాతాలోకే వస్తాయని లలితాంబ చెప్పింది. మరి జాబితా ముగించడం ఎలా? మొదటినుంచి మళ్ళీ ఒకసారి సరిచూసి, నూట పదమూడూ ఉన్నాయని తేల్చి, చివర్న ఒక సంతకం. సరిచూడవలసింది కనిపెట్టిన మనిషే.

సూరీడమ్మ చెల్లెలికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అప్పుడు గాని ఆవిడ గంటెంతయిందని హిమజను అడగలేదు. పన్నెండున్నర. జెట్టీకి పోయే బస్సు ఒంటిగంటకు ఈ గేటు ముందే తిరుగుతుందని బోండాలవాడు చెప్పాడు. అది అందితే రెండుంబావుకు దిగొచ్చు. చెల్లెలితో ముక్కాలు గంట. అది తప్పితే తొమ్మిది రోజులు, తొమ్మిది రోజుల దాకా వీళ్ళుండరు. పోనీ అన్నీ వదిలేసి బస్సెక్కేస్తే, తను కష్టపడి వెతికిన గీతలన్నీ పాపం ఈ గుంట నెత్తిన పడతాయి. ఒక్క గీత కూడా మనది కాదని నిరూపించడానికే కదా ఇంత చేసింది. అరగంటలో నూట పదమూడు సరిచూడలేనా అనుకుంది. చూశారా, అప్పటికీ బుద్ధి రాలేదు.

మళ్ళీ మొదటి చక్రం దగ్గర గొంతుకూర్చుని లెక్క మొదలుపెట్టింది. ముప్పై దగ్గర ఒకసారి తప్పింది. వెనక్కి వచ్చింది. చుట్టూ జనం పెరిగారు. జెట్టీ వైపునుంచి వచ్చిన బస్సు గేటు ముందు ఆగింది. అందులోంచి పూలూ కాయలూ పట్టుకుని పాతికమంది ఆడవాళ్ళు దిగారు. దీవి చిన్నది, అమ్మవారు వెలిసిన కబురు బస్సుకన్నా ముందు పోతుంది. సూరీడమ్మ తలెత్తలేదు. ముందు బంపరు దగ్గరుంది. డెబ్బై. డెబ్బయ్యొకటి.

ఆవిడ చేతికి జానెడు దూరంలో ఒకామె టెంకాయ ఎత్తింది.

"ఇక్కడ కొట్టకే, ఓలమ్మ. ఇక్కడ సోటు నేదు," అంది సూరీడమ్మ, బొట్టుమీంచి చూపు తిప్పకుండా.

"ఇంత కారుంది. ఒక టెంకాయకి సోటు నేదా?"

"డెబ్బయ్యొకటికీ డెబ్బయ్యిరెండుకీ మజ్జిని ఉన్నావు. ఎనక్కి జరుగు."

ఆమె జరగలేదు. నేలమీదున్న రాతికేసి కొట్టింది. కాయ పగిలింది, పెచ్చు ఎగిరి బంపరుకు తగిలి, సన్నటి కొత్త గీత గీసి కింద పడింది. తరవాత ప్రకాశలింగం మెల్లగా, పురిటిగది బయట నిలబడ్డ తండ్రిలా అన్నాడు.

"నూట పధ్నాలుగు. కంపెనీ చరిత్రలో కళ్ళెదుట పుట్టిన మొదటి గీత."

సూరీడమ్మకు ఒళ్ళు మండింది. పొద్దుటినుంచి ఒక్కటీ పెరగకుండా కాపాడింది. ఆ గీతకేసి చూస్తూనే ఆ మనిషిని తిట్టింది. చేతి నిదానం లేదంది, కంటికి ముందూ వెనకా లేదంది, టెంకాయ కొట్టడం కూడా నేర్పకుండా పెంచిన ఆ తల్లిని అనాలంది.

"మా అమ్మననకు," అంది ఆ మనిషి. "మా అమ్మ బాగానే నేర్పింది. మా అప్పే తిన్నగా ఉంటే నాను ఇక్కడికి వద్దునా? పొద్దుటే వచ్చీస్తానంది. అన్నం ఒండీసి, సేపల పులుసు కాసీసి, పదకొండు దాకా గుమ్మంలో కూకున్నాను. రానేదు. మా అప్ప ఎలాగూ కనపళ్ళేదు, గుంట కాన్పు బాగా అవ్వాలని అమ్మోరికైనా ఒక దండం ఎట్టుకుందుమని బస్సెక్కాను."

సూరీడమ్మ వేలు డెబ్బయ్యొకటి మీద అలాగే ఉండిపోయింది. ఆ గొంతు ఫోనులో వింటే వెంటనే పోల్చుకునేది. పక్కనుంటే పోల్చుకోలేదు, కళ్ళు పనిలో ఉన్నాయి కదా. మెల్లగా తలెత్తింది. జుట్టు పండిపోయింది. మనిషి చిన్నదైపోయింది. ముక్కు మాత్రం నాన్నది. ఆ మొహం మీద ఎన్ని గీతలున్నాయో సూరీడమ్మ లెక్కపెట్టలేదు.

"పారీ," అంది.

పారమ్మ కళ్ళు చిట్లించి చూసింది. "ఇదేటప్పా, ఇక్కడ కూకున్నావు. అమ్మోరికి సేవ సేస్తన్నావా?"

"అమ్మోరూ నేదు, నీ తలకాయా నేదు. అద్దె కారు."

ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని, ఏడవాలో నవ్వాలో తేలక కాసేపు తిట్టుకున్నారు. ఫోను ఎందుకెత్తలేదంటే, దార్లో అప్ప ఎదురైతే పెడదామని అన్నంతోపాటు తెచ్చిన పులుసు గిన్నె మీద మూత జారుతోందని బస్సులో రెండు చేతులతో పట్టుకున్నానంది పారమ్మ. ఇంతలో ప్రకాశలింగం అట్ట పట్టుకుని మధ్యలోకి వచ్చాడు. నూట పధ్నాలుగవ గీతకు కారకురాలైన వ్యక్తి ఇక్కడే ఉండి వాంగ్మూలం ఇవ్వవలెనని, దానిపై విచారణ జరుగునని, విచారణాధికారి తానేనని, అయితే తాను ప్రత్యక్షసాక్షి కూడా కనుక తన వాంగ్మూలాన్ని తానే తీసుకోవడానికి పైనుంచి అనుమతి రావలెనని, అందుకు సాధారణంగా మూడు రోజులు పట్టునని విన్నవించాడు. బస్సువాడు హారన్ కొట్టాడు. పారమ్మ భయంగా ఓడ ఓడ అంది.

సూరీడమ్మ లేచి నిలబడి కొంగు దులుపుకుంది.

"బాబూ, అది నా సేతిలోనే పడింది. నా పేరు రాయి."

"తమరు కాదని నేను స్వయంగా చూశాను గదా."

"నువ్వు సూసింది సాచ్చం. నాను ఒప్పుకున్నది కాగితం. నీకేది గావాలి?"

ప్రకాశలింగం ఆలోచించాడు. ఇలాంటి ప్రశ్న ఆయనను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాగితం వైపు మొగ్గాడు. అయితే నూట పధ్నాలుగవది ఒప్పుకుంటే తక్కినవాటి ముగింపు ఇంకా కాలేదు కదా, వాటి సంగతేమిటన్నాడు.

"అయ్యీ నావే. అన్నీ నానే గీసినాను. పొద్దున్నే వచ్చి కూకుని ఒక్కోటీ గీసినాను. నీ కళ్ళముందేగదా వరసగా సూపించినాను," అంది సూరీడమ్మ, కలం అందుకుని.

పొద్దుటినుంచి ఒక్క గీత కూడా తన వంశంలో ఎవరిదీ కాకూడదని పట్టుబట్టిన మనిషి నూట పధ్నాలుగూ తన పేర రాయించుకుని, కింద సూ, రీ, డ, మ్మ అని ఒక్కో అక్షరం విడివిడిగా వేసింది. బస్సువాడు రెండోసారి హారన్ కొట్టేలోగా మ్మ కింద వత్తు సరిగా రాలేదని మళ్ళీ దిద్దబోయింది గాని, హిమజ చెయ్యి పట్టి లాగేసింది. తాళం చెవి లలితాంబ చేతిలో పెట్టారు. కిలోమీటర్లు ఎన్ని నడిచాయో చూసి రాసుకోవాలని ఆమె కారులోకి తొంగి చూసి, సున్నా అని కలం పట్టుకుని, సున్నా కిలోమీటర్లలో నూట పధ్నాలుగు గీతలు ఎలా గీశారన్న గడిని ఎలా నింపాలో తెలియక ప్రకాశలింగం మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉందని, అది నిండేదాకా ఎవరినీ ఏమీ అడగడానికి లేదని హిమజ తరవాత నెలల తరబడి ఉత్తరాలు రాసి తేల్చింది. కారు అక్కడే ఉంది. ఇప్పుడు పైన రేకు కప్పారట.

బస్సు దీవి అంచున, సముద్రాన్ని ఆనుకుని పోతోంది. హిమజ వెనక సీటులో కూర్చుని, ఈ నీళ్ళు ఎంత నీలంగా ఉన్నాయో చూడమంది. ముందు సీట్లో ఇద్దరూ చూడలేదు. పారమ్మ పులుసు గిన్నె మూత తీసి, అన్నంలో కలిపి, అప్ప నోటికి ఒక ముద్ద అందించింది. సూరీడమ్మ అటూ ఇటూ తిప్పుకుంటూ నెమ్మదిగా నమిలింది.

"ఏటప్పా, ఒక పక్కే నవుల్తన్నావు?"

"రెండో పక్క పళ్ళు నేవే. నీకెన్నున్నాయి?"

"సూసుకోనేదు ఎప్పుడూ."

"నోరు తెరు," అంది సూరీడమ్మ, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని. చెల్లెలు నోరు తెరిచింది. బస్సు గతుకుల్లో ఊగుతోంది, లెక్క తప్పుతోంది, తప్పినప్పుడల్లా ఇద్దరూ నవ్వి మొదటినుంచీ మొదలుపెడుతున్నారు. జెట్టీ వచ్చేసరికి పైవరస మాత్రమే అయింది.